చెవి ఒగ్గిన దెయ్యం

మా వీధి పిల్లల్లో నాకొక పేరుంది. ఎంత మంచి జోకు చెప్పినా మొహం చిట్లించే ముసలమ్మ అని. అందులో అబద్ధమేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ డెమోయిన్ ఊళ్ళో స్కూలు బస్సు నడిపాను. అక్టోబరు వచ్చిందంటే చాలు, నా వెనక సీట్లలో నలభై మంది పిల్లలు బిచ్చగాళ్ళ రాత్రికి జోకులు బట్టీ పట్టేవాళ్ళు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఏటేటా అవే జోకులు. అన్నేళ్ళు విన్నాక నా స్థానంలో ఎవరున్నా అంతే అవుతారు.

మిగతా దేశమంతా దెయ్యాల వేషాల పండగ హాలోవీన్ ముప్పై ఒకటో తారీఖున చేసుకుంటే, మా ఊరు ముప్పయ్యో తారీఖు సాయంత్రమే ఆరు నుంచి ఎనిమిది లోపల ఆ ముచ్చట కానిచ్చేస్తుంది. దానికి మేం పెట్టుకున్న పేరు బిచ్చగాళ్ళ రాత్రి. వేషం వేసుకొచ్చి సంచీ చాపినంత మాత్రాన మా గుమ్మాల్లో మిఠాయి రాలదు. ముందు జోకు చెప్పాలి. మూడేళ్ళ పిల్లయినా సరే, అమ్మ చెవిలో చెబుతుంటే తప్పులతోనైనా అప్పజెప్పాలి.

అయితే ఇదంతా నా గురించి కాదు, మా పక్కింటి ఆర్డిస్ గురించి. ఆమెకు డెబ్బై ఎనిమిది. నాకంటే ఏడేళ్ళు పెద్ద, నా భుజం దాకా కూడా రాదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది. దుప్పటి ముట్టుకుని అది ఎన్ని ఉతుకులు తిన్నదో చెప్పగలదు. గంజి పెట్టడంలో ఆమెను కొట్టినవాళ్ళు లేరు. మొక్కజొన్న పిండిని చల్లటి నీళ్ళలో కలిపి, సన్నటి సెగ మీద చెయ్యి ఆపకుండా తిప్పి, గరిటె నిలబడేంత చిక్కగా కాచి, అందులో పిల్లలు బళ్ళో వాడే తెల్ల జిగురు రెండు సీసాలు వంపుతుంది. ఆ గంజిలో ముంచిన గుడ్డను తడిగా దేని మీద వేస్తే, ఆరాక దాని ఆకారంలో నిలబడిపోతుంది.

దెయ్యాలు కొనడమంటే ఆర్డిస్‌కు ఒళ్ళు మంట. ఎదురింటివాళ్ళు రెండు నిలువుల ప్లాస్టిక్ అస్థిపంజరం కొని తెచ్చి నిలబెట్టిన ఏడాది, ఆమె గుమ్మంలో నిలబడి దాన్ని తేరిపార చూసి, "దానికి అన్నీ ఉన్నాయే లవాన్, అది ఫలానా మనిషిది అనడానికి మాత్రం లేదు" అంది.

ఆమె దెయ్యాలన్నీ ఇంట్లో దొరికిన వస్తువులతోనే పుట్టేవి. టమాటా మొక్కలకు ఆసరాగా పెట్టే తీగ గూళ్ళు పంట అయిపోయాక ఎలాగూ ఖాళీ కదా, వాటిని తలకిందులుగా పాతి పైన చిరుగు దుప్పట్లు కప్పేది; మా దగ్గర దెయ్యమంటే దుప్పటి కప్పుకున్నదే. ఏడాది పొడుగునా దాచిన తెల్ల ప్లాస్టిక్ పాల డబ్బాల మీద నల్లరంగుతో కళ్ళూ నోళ్ళూ గీసి, లోపల క్రిస్మస్ దీపాల తీగ దూర్చి, దారి పొడుగునా వరసగా పెట్టేది. ఒక్కో డబ్బాదీ ఒక్కో మొహం. ఒకదానికి నా మొహం గీసిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నోరు కిందికి వంగి ఉండేది.

వాటన్నిటికీ పెద్ద ఒకటుండేది. అది వెర్లిన్.

వెర్లిన్ ఆర్డిస్ మొగుడు. టైర్ల ఫ్యాక్టరీలో జీవితమంతా బరువులు మోసి ఎడమ భుజం కిందికి జారిపోయినవాడు, అక్కడి యంత్రాల రొదకు కుడి చెవి వినికిడి పోగొట్టుకున్నవాడు. ఆరడుగుల పైన మనిషి. ఎవరైనా మాట్లాడితే నడుం వంచి, ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టి, ప్రపంచంలో ఇంకో పనేదీ లేనట్టు వినేవాడు. బిచ్చగాళ్ళ రాత్రి వాళ్ళ మెట్ల దగ్గర జోకులు వినే ఉద్యోగం ఆయనదే. ఒకే జోకు వరసగా పదకొండు మంది చెప్పినా పదకొండుసార్లూ తొడ చరుచుకుని నవ్వేవాడు. అందుకే వీధిలో పిల్లలంతా ముందు వాళ్ళింటికి పరిగెత్తి, చివరికి మనసు రాయి చేసుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు.

"నువ్వే వాళ్ళను చెడగొడుతున్నావు" అనేదాన్ని. "ఆ దుప్పటి జోకు ఇవాళ ఎన్నిసార్లు విన్నావు?"

"నేను వినడం ఎన్నోసారైతే ఏంటి? ఆ పిల్ల చెప్పడం మొదటిసారి" అనేవాడు. అని ఊరుకోడు. "నీకో జోకు చెప్పనా? దెయ్యాలు స్కూలు బస్సెందుకు ఎక్కవో తెలుసా?"

"తెలీదు."

"లవాన్ నడుపుతుంది కాబట్టి!"

ఈ జోకు ఆయన నాకు పాతికేళ్ళు చెప్పాడు. నేను ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇప్పుడు ఆ లెక్కన బాకీ పడ్డట్టనిపిస్తుంది.

ఏటా అక్టోబరు మొదటి శనివారం వాళ్ళ గరాజ్‌లో వెర్లిన్‌ను చుట్టేవాళ్ళం. పాత పైజామా, పాత చొక్కా వేయించి, పైన వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొరను బిగించి, దాని మీద ప్యాకింగ్ టేపు నాలుగైదు వరసలు అంటించేది ఆర్డిస్. టేపు చుట్ట పట్టుకుని ఆమె వెనకాలే తిరగడం నా పని. మొహం మాత్రం చుట్టేది కాదు, మనిషి ఊపిరి పీల్చుకోవాలి కదా. అంతా అయ్యాక ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మొండి మొన కత్తెరతో వీపు మీద నిలువునా కోసి, మనిషిని బయటికి లాగి, ఆ కోతను మళ్ళీ టేపుతో అతికేసేది. గాజులా కనబడే డొల్ల ఒకటి మిగిలేది. జారిన భుజం, వంగిన నడుం, చెవి దగ్గర చెయ్యి, అన్నీ ఉండేవి. దాని మీద గంజి గుడ్డ కప్పి ఆరబెడితే మెట్ల పక్కన చెవి ఒగ్గి నిలబడ్డ దెయ్యం తయారు.

ఆ గంటసేపూ మొగుడూ పెళ్ళాల వాదులాట వినాలి.

"కదలకు."

"ముక్కు దురద పెడుతోందే."

"దెయ్యాలకు దురదలుండవు."

"నేనింకా దెయ్యాన్ని కాలేదుగా!"

"తొందరేముంది, అవుతావులే. చెయ్యి కాస్త పైకెత్తు."

బిచ్చగాళ్ళ రాత్రి దాటాక వచ్చే మొదటి చెత్తబండి రోజున ముగ్గురం కలిసి అంతా సర్దేసేవాళ్ళం. గుడ్డలు ఉతుక్కు వెళ్ళేవి, తీగ గూళ్ళు షెడ్డులోకి, పాల డబ్బాలు గరాజ్ అటక మీదికి. డొల్ల మాత్రం చెత్తకే. మరుసటి ఏడాదికి అది పచ్చబడి పెళుసెక్కిపోతుంది, పైగా మళ్ళీ చుట్టడానికి మనిషి ఉన్నాడాయె. అయితే నిలువెత్తు డొల్ల చెత్తడబ్బాలో పట్టదు కాబట్టి ముందు తొక్కి చదును చెయ్యాలి. ఆ పని నాది. "ముప్పై ఏళ్ళు బస్సు బ్రేకు తొక్కిన కాలు, దానికి మించిన కాలు ఈ వీధిలో లేదు" అని వెర్లినే నాకు అప్పజెప్పాడు. నేను కాలు వేసి తొక్కుతుంటే ఆయన పక్కన నిలబడి, "అబ్బా, నా నడుం! అమ్మో, నా మోకాలు!" అని వీధంతా వినబడేట్టు కేకలు పెట్టేవాడు. డొల్లలో ఏ భాగం మీద కాలు పడితే ఆ భాగం పట్టుకుని మరీ కుంటేవాడు.

కిందటేడు అక్టోబరుకు వెర్లిన్ ఊపిరితిత్తులు మొరాయించాయి. గంటసేపు నిలబడే ఓపిక లేదు. మధ్య మధ్య స్టూలు మీద కూర్చోబెట్టి మూడు రోజులు చుట్టింది ఆర్డిస్. ఒక రోజు కాసేపు నిలబెట్టి నడుం దాకా, ఒక రోజు భుజాలు, మూడో రోజు చెయ్యీ తలా; ఏ రోజు ముక్క ఆ రోజు కోసి తీసి, చివర అన్నీ టేపుతో కలిపింది. ఆయన వెనక్కి వాలిపోకుండా నేను ఆయన వీపుకు చేతులు ఆనించి పట్టుకున్నాను. ఆ వీపు అంత తేలికైపోయిందని అప్పుడే తెలిసింది. ఆ ముప్పయ్యో తారీఖు దుప్పటి కప్పుకుని మెట్ల మీద కూర్చుని రెండు గంటలూ జోకులు విన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. డొల్లను తొక్కే తీరిక ఎవరికీ లేక, అది గరాజ్‌లో సైకిళ్ళు తగిలించే కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచులో, వెర్లిన్‌ను సాగనంపాం.

ఈ సెప్టెంబరులో ఒక రోజు నేను వెళ్ళేసరికి ఆర్డిస్ వంటింటి బల్ల ముందు ఊరికే కూర్చుని ఉంది. బల్ల మీద రెండు కొత్త టేపు చుట్టలున్నాయి.

"అలవాటున కొన్నానే" అంది. "కొని, ఇంటికొచ్చి, గరాజ్ తలుపు తీసి కేకేశాను. వెర్లిన్, రా, వచ్చి నిలబడు అని. గట్టిగానే కేకేశాను. ఆ చెవి వినబడదు కదా."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు ఎప్పుడూ తెలియదు. పళ్ళెంలో ఉన్న గుమ్మడికాయ కేకు ముక్క ఒకటి తీసుకుని తిన్నాను. అది నిన్నటిది, ఎండిపోయి ఉంది. అయినా ఇంకోటి కూడా తిన్నాను.

కొంతసేపటికి ఆమే లేచింది. ఇద్దరం గరాజ్‌లోకి వెళ్ళి కొక్కేనికున్న డొల్లను దించాం. దుమ్ము తుడిచాం. అక్కడక్కడ పచ్చబడింది, కాలి మడమ దగ్గర చీలింది, అంతకు మించి ఏం కాలేదు. ఆర్డిస్ దాని జారిన భుజం మీద చెయ్యి వేసి, "ఈయన్నే పెడదాం" అంది.

ఈసారి గంజి ఎప్పటికంటే చిక్కగా కాచింది. వడకట్టడానికి వాడే పలుచటి నూలు గుడ్డ అయిదు పొరలు వేసింది. మడతలు వేళ్ళతో ఒక్కొక్కటే సర్దింది. చెవి వెనక చేతి వేళ్ళు కూడా గుడ్డలోంచి తెలిసేట్టు దారంతో కట్టి ఆరబెట్టింది.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం మా అందరిళ్ళలోనూ మాంసం, చిక్కుడు గింజలు వేసి కాచే చిల్లీ కూర, దాల్చినచెక్క రొట్టెచుట్టలు. అవి తిని నేను మా గుమ్మం వదిలేసి ఆర్డిస్ పక్కన కూర్చున్నాను. ఆమె మిఠాయి గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనగ్గా కూర్చుంది. జోకులు వినడం తన వల్ల కాదని ముందే చెప్పింది. "ఆయనకు చెప్పండి" అని పిల్లలకు దెయ్యాన్ని చూపించింది.

చెప్పారు. వరసలో నిలబడి ఒక్కొక్కరూ మెట్లెక్కి మునివేళ్ళ మీద లేచి ఆ గుడ్డ చెవిలో చెప్పారు. కొందరు రహస్యంగా, కొందరు అరిచి. డైనోసార్ వేషంలో ఒక అయిదేళ్ళ పిల్ల వచ్చింది. మా వీధిలోనే ఉండే కాలెన్‌బాక్ వాళ్ళ మనవరాలు, పేరు థియోడోరా.

"దెయ్యం పెళ్ళికెందుకు రాలేదో తెలుసా?" అంది దెయ్యం చెవిలో. ఆగింది. తనే జవాబు చెప్పింది. "ఉన్న ఒక్క దుప్పటీ ఉతుక్కు వేసింది!"

మళ్ళీ ఆగింది. గుడ్డ మొహంలోకి తలెత్తి చూసింది. తర్వాత ఆర్డిస్ వైపు తిరిగి, "నవ్వాడా?" అని అడిగింది.

"నవ్వాడమ్మా" అంది ఆర్డిస్. "తొడ చరుచుకున్నాడు కూడా. నువ్వు చూళ్ళేదు." అని రెండు గుప్పిళ్ళ మిఠాయి పోసింది.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. మధ్యాహ్నం లోపు వాన అని రేడియోలో చెప్పారు. ఆర్డిస్‌ను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి వాళ్ళ చెల్లెలు కారు వేసుకొచ్చింది. కారెక్కుతూ ఆర్డిస్ అద్దం దించి, "గుడ్డలు తడిస్తే గంజంతా గడ్డి మీద కారుతుందే లవాన్! చెత్తబండి కూడా ఇవాళేగా. ఎప్పటిలాగే కాస్త సర్దెయ్యవూ?" అంది.

"సర్దేస్తాలే, నోరు బాగా తెరిచి కూర్చో" అన్నాను.

సర్దడంలో నాకు వంక పెట్టేవాళ్ళు లేరు. తీగ గూళ్ళ మీద ఆరు దుప్పట్లూ లాగి, మా ఇంటి నేలమాళిగకు తీసుకుపోయి వాషింగ్ మెషీన్‌లో పడేసి తిప్పాను. పాల డబ్బాలు, దీపాల తీగ, గూళ్ళు లోపల పెట్టాను. చివరికి పెద్దది. వెనక పిన్నులు తీసి గుడ్డను విప్పితే అది మడత పడనంది. గంజి అంత గట్టిగా పట్టింది. అట్లాగే నిలువునా ఎత్తుకుని, నేలమాళిగ మెట్లు పక్కకి తిరిగి దిగి, ఒకప్పుడు నీళ్ళలో ఆపిల్ పళ్ళు తేలేసి పిల్లల చేత నోటితో పట్టించే ఆట ఆడించిన రేకు తొట్టి ఉంటే అందులో నిలబెట్టాను. ముందు నాననీ, తర్వాత ఉతకొచ్చని, నీళ్ళ గొట్టం తొట్టిలో వేసి కుళాయి తిప్పాను. అంతలో వీధి మలుపులో చెత్తబండి చప్పుడు వినబడింది.

పైకి పరిగెత్తాను. డొల్ల ఒక్కటే గడ్డి మీద మిగిలింది. మొదటి చినుకులు దాని మీద టపటపమంటున్నాయి. దాన్ని పడుకోబెట్టాను. కాలెత్తాను. తొక్కాను.

ఇదే నేను చెప్పాలనుకున్నది. ఎవరో పరధ్యానంలో ఉండగా జరిగిందని కాదు. నాకది వెర్లిన్ డొల్ల అని తెలుసు. ఆయన లేడనీ తెలుసు. శవపేటిక పక్కన నడిచినదాన్ని. కానీ ఆ తెలియడమంతా తలలోనే ఉండిపోయింది, కాలికి దిగలేదు. కాలికి తెలిసిందల్లా చెత్తబండి వచ్చేస్తోందనీ ఇది నా పనేననీ. పాత టేపు పెళపెళ విరిగింది. నడుం, మోకాలు, భుజం. నలిపి డబ్బాలో కుక్కి, మూత వేసి, రోడ్డు అంచుకు తోశాను. బండి ఇనప చెయ్యి డబ్బాను ఎత్తి, తిరగేసి, మళ్ళీ కింద పెట్టి పోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. ఏదో మిగిలిపోయినట్టుంది. ఏమిటో తెలియలేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నానని మాత్రం తెలిసింది. వాన మొహం మీద పడుతుంటే అప్పుడు అర్థమైంది. "అబ్బా, నా నడుం" అనే కేక కోసం ఆగాను.

"ఆగండి!" అని అరిచాను. బండి అప్పటికే మలుపు తిరిగింది. నడిరోడ్డు మీద డెబ్బై ఒక్కేళ్ళ ముసలిదాన్ని, ఇంట్లో చెప్పులతో, రెండిళ్ళ అవతల దాకా దాని వెనక పరిగెత్తాను. పట్టుకుని మాత్రం ఏం చేస్తాను? అది ముక్కలైపోయింది. చేసింది నేనే.

అప్పుడు గుర్తొచ్చింది, తొట్టిలో కుళాయి.

నేను మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. నీళ్ళు తొట్టి నిండి నేల మీద పారుతున్నాయి. గుడ్డ అంచు అంతా మెత్తబడి, గంజి పాలలా విరిగి తేలుతోంది. దెయ్యం మోకాళ్ళ మీద కూలబడుతున్నట్టు కిందికి జారుతోంది. రెండు చంకల కింద చేతులు వేసి పైకి లేపాను. ఎత్తి అట్టే పట్టుకుని నిలబడ్డాను. కింద పెడితే తడి నేల. కాలు చాపినా కుళాయి అందలేదు. కిందటేడు వెనక్కి వాలిపోకుండా పట్టుకున్నట్టే పట్టుకుని, "ఉండు వెర్లిన్, ఉండు, ఇంకొంచెంసేపు" అంటున్నాను పైకే.

చివరికి బట్టలారేసే తీగ మీదికి భుజాలు ఆనించి, పిన్నులతో బిగించి, కుళాయి కట్టేసి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి అంచు ఆరబెట్టాను. మోకాళ్ళ కింద భాగం ఇక రాదు. పై భాగానికి ఏం కాలేదు. జారిన భుజం ఉంది. వంగిన తల ఉంది. చెవి వెనక చెయ్యి ఉంది.

ఆర్డిస్ వచ్చేసరికి ఒంటిగంట అయింది. మత్తు సూది వల్ల మూతి ఒక పక్కకి వాలిపోయి ఉంది. రుమాలుతో తుడుచుకుంటూ మా వంటింట్లో కూర్చుంది. నేను టీ పెట్టలేదు, కూర్చోలేదు. పొయ్యి దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తొక్కానని చెప్పాను. చెత్తబండి తీసుకుపోయిందని చెప్పాను. "నువ్వు నన్ను తిట్టు ఆర్డిస్. గట్టిగా తిట్టు" అన్నాను.

కిందనుంచి వాషింగ్ మెషీన్ రెండో విడత తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఎప్పటిలాగే సర్దమని నేనే కదే చెప్పింది" అంది చివరికి. మత్తు మూతితో మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "కారెక్కుతూ అట్లాగే అన్నాను. ఎప్పటిలాగే అని. ఆయన ఇంట్లో ఉన్నట్టే అన్నాను." రుమాలు కళ్ళ దాకా పోయింది. "కేక పెట్టాడా?"

"లేదు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. బస్సులో పిల్లల ముందు ముప్పై ఏళ్ళు ఏడవనిదాన్ని, పొయ్యి తలుపు పిడి పట్టుకుని ఏడ్చాను.

"సరే, ఊరుకో. గుడ్డేదీ?"

ఇద్దరం కిందికి దిగాం. ఆర్డిస్ ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. తీగకు వేలాడుతున్న దెయ్యం, ఎప్పటిలాగే నడుం వంచి, చెవి ఒగ్గి ఉంది. దగ్గరికి వెళ్ళి అంచు పట్టి చూసింది. గుడ్డ పిండి చూసే లాండ్రీ చేతులు. పైకి తడుముకుంటూ పోయి భుజం దగ్గర ఆగాయి.

"డొల్ల పోయినా, ఈ గుడ్డ లోపల ఆయన అచ్చు పోలేదే" అంది మెల్లగా. తర్వాత గొంతు మారింది, అది నాకు తెలిసిన గొంతు, గరాజ్‌లో కదలకు అని కసిరే గొంతు. "లవాన్, మా వంటింటి బల్ల సొరుగులో ఆ రెండు టేపు చుట్టలున్నాయి. పట్రా. మెట్ల స్టూలు కూడా."

ఆమె ఆలోచన తిరగేసిన పని. ఇన్నాళ్ళూ మనిషి పైనుంచి డొల్ల చేసి, డొల్ల పైనుంచి గుడ్డ చేసింది. ఇప్పుడు గుడ్డ లోపలి నుంచి మళ్ళీ డొల్ల. మొదటి వరస టేపు జిగురు తన వైపుకు ఉండేట్టు గుడ్డకు ఆనించాలి, రెండో వరసను దాని మీద బోర్లించి అంటించాలి. అప్పుడు టేపు గుడ్డకు పట్టదు, టేపుకే పడుతుంది. అయ్యాక విడదీస్తే డొల్ల ఊడి వస్తుంది.

స్టూలు వేసి, వెనక చీలికలోంచి ఆర్డిస్ లోపలికి దూరింది. నేను బయట నిలబడి టేపు ముక్కలు కత్తిరించి అందించాను. చెయ్యి బయటికి వచ్చేది, ముక్క తీసుకుని లోపలికి పోయేది. భుజాలు అయ్యాయి. చెవి దగ్గర చేతికి చాలాసేపు పట్టింది. వేలు వేలుకీ సన్నటి ముక్కలు అడిగింది.

తల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బయటికి రావడం ఆగిపోయింది. నేను కాసేపు చూశాను.

"ఆర్డిస్? ఏమైందే?"

"ఏం లేదు." గొంతు గుడ్డ లోంచి, ఆ వంగిన తల లోంచి వచ్చింది. "ఆయన మొహం ఉండే చోట నా మొహం ఉంది. ఇంత ఎత్తునుంచి ఎప్పుడూ చూళ్ళేదు నేను. నువ్వు ఇక్కడినుంచి చాలా చిన్నగా కనబడుతున్నావు లవాన్."

"దిగు. పడతావు."

"పడను. ఒక జోకు చెప్పు."

"నాకు రావని నీకు తెలుసు."

"జోకు లేకపోతే ఈ గుమ్మంలో ఏమీ రాలదు" అంది గుడ్డ. "చెప్పవే. పాతదైనా ఫర్వాలేదు."

నేను చుట్టూ చూశాను. వాషింగ్ మెషీన్ గుండ్రటి అద్దంలో ఆరు దుప్పట్లు నురగలో పొర్లుతున్నాయి. నేలంతా గంజి నీళ్ళు. టేపు చుట్ట కింద పెట్టాను. మునివేళ్ళ మీద లేచి, ఆ గుడ్డ చెవికి నోరు ఆనించి, బస్సులో ఎన్ని వందలసార్లు విని విసుక్కున్నానో ఆ మాటే చెప్పాను.

"దెయ్యం పెళ్ళికెందుకు రాలేదో తెలుసా?"

"తెలీదు. ఎందుకు రాలేదు?"

"ఉన్న ఒక్క దుప్పటీ ఉతుక్కు వేసింది."

గుడ్డ కదిలింది. జారిన భుజం ఎగిరెగిరి పడింది, గంజి పొట్టు రేకులు రేకులుగా నేల మీద రాలింది. సగం మూతితో నవ్వుతుంటే నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వస్తోంది లోపలనుంచి. స్టూలు పడకుండా రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇంకోసారి చెప్పు" అంది.

చెప్పాను. రెండోసారి కూడా మొదటిసారి విన్నట్టే నవ్వింది.